సాక్ష్యం తినరాదు

మనిషికి అన్నం పెట్టడం కంటే, పెట్టామని రుజువు చేయడం గొప్ప నాగరికత. ఆ నాగరికత ఈమధ్యే మల్కాపురం చేరింది.

రేషను బియ్యంలో వంద గింజలకు ఒక బలం గింజ కలుపుతారు. అందులో ఇనుము, ఫోలిక్ యాసిడ్, మరో విటమిను ఉంటాయి. చూడ్డానికి అది మామూలు బియ్యపు గింజలాగే ఉండాలని తయారుచేసినవారి సంకల్పం. పాపం, వారికి కాశమ్మ తెలియదు.

రేవు వైపు నుంచి ఎగిరొచ్చే బొగ్గు నలుసుల్ని ముప్పై ఏళ్లుగా బియ్యంలోంచి ఏరుతున్న మనిషి కాశమ్మ. కాస్త పసుపు తిరిగిన గింజ ఆమె కన్నుగప్పి కుండలోకి పోతుందా? అది ప్లాస్టిక్కు బియ్యమని వీధిలో మొదట కనిపెట్టింది ఆమే. పైగా కోడలు సత్యశ్రీ పిల్లల కోసం చూస్తోంది, ఒంట్లో చూస్తే రక్తం ఎనిమిది గ్రాములు. అలాంటి పిల్లకి ప్లాస్టిక్కు పెడతారా ఎవరైనా? ఒక్కో గింజా ఏరి, పారేస్తే కోళ్లు చస్తాయని సీసాలో దాచింది.

వీధి తనిఖీకొచ్చి ఆ సీసా చూసిన గింజల ధ్రువీకరణాధికారి ఉదయ్‌కుమార్ కళ్లు చెమర్చాయి. బలం గింజలు ఇంటింటికీ చేరాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? అక్కడికక్కడే సీలు వేసి పట్టుకుపోయాడు. (అవి ప్లాస్టిక్కు కావని చెప్పడం అవగాహనాధికారి పని. ఆ కుర్చీ మూడేళ్లుగా ఖాళీ.) మర్నాటి నుంచి ప్రతి ఇల్లూ నెలనెలా గింజలన్నీ ఏరి సమర్పించాలని ఉత్తర్వు వచ్చింది. ఏరడం నేర్పేందుకు కాశమ్మను వార్డు శిక్షకురాలిగా నియమించి శాలువా కప్పారు.

శాలువా మడత నలగకముందే ఆరోగ్య కార్యకర్త ఆశాజ్యోతి వచ్చింది.

"పిన్నీ, అవి పలాస్టిక్కు కాదు. ఫోలిక్ యాసిడ్ ఉంటాది అందులో. రక్తం పట్టాలన్నా, కడుపులో బిడ్డకి వెన్ను సరిగ్గా కట్టాలన్నా అది కావాల. అదీ మొదటి నెల్లోనే. మాత్రలు వేరే ఇవ్వాల, స్టాకు నేదు."

"సత్యశ్రీకి నెల తప్పి పది రోజులు దాటిందే!" అంది కాశమ్మ. "నా సేతుల్తో నానే తీసేసినానా!"

ఆ పూటే బస్సెక్కి మద్దిలపాలెంలోని ఆఫీసుకి వెళ్లింది.

"బాబూ, నా సీసా నాకిచ్చీ. కోడలికి వండి పెడతాను."

"సాక్ష్యం తినకూడదమ్మా," అన్నాడు ఉదయ్‌కుమార్ ఎంతో మర్యాదగా. (నియమం పద్నాలుగు. వండుట, నానబెట్టుట, వాసన చూచుట కూడా నిషేధమే.)

"పోనీ ఈ నెల ఏరను. అలాగే వండేత్తాను."

"అప్పుడు మీ ఇంటికి పోషకాలు చేరలేదని రాయాలి. విచారణ తేలేవరకు బియ్యం ఆపుతాం. తొంభై రోజులే."

"అప్పటికి బిడ్డ వెన్ను ఆగుద్దేటి, బాబూ?"

ఉదయ్‌కుమార్ ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. వెన్నుకు గడి లేదు.

కాశమ్మ ఇంటిదారి పట్టింది. దారిలో మందుల షాపులో ఫోలిక్ యాసిడ్ మాత్రలు కొంది. (పది మాత్రల అట్ట ఆమె బస్సు ఛార్జీ కంటే చవక. ఈ సంగతి చెప్పడం కూడా అవగాహనాధికారి పనే.) ఇంటికొచ్చి గుప్పెడు మామూలు బియ్యాన్ని పసుపు నీళ్లలో ముంచి, ఎండబెట్టి, కొత్త సీసా నింపింది. అసలు గింజల్ని అన్నంలోనే ఉంచి, పక్కన మాత్ర పెట్టి సత్యశ్రీకి వడ్డించింది. మొదటి ముద్ద దించేదాకా కళ్లు తిప్పలేదు.

"ఏటత్తా అలా సూత్తన్నావ్?" అంది సత్యశ్రీ.

"తినమ్మా. నాను సేసిన తప్పు దిద్దుకుంతన్నాను."

నెలాఖరున నమూనాలు పరిశీలించారు. ఏకరీతి రంగు, స్పష్టమైన పసుపు ఛాయ కారణంగా కాశమ్మ సీసాకు ప్రథమ బహుమతి వచ్చింది. వీధిలో మిగతా నలభై ఇళ్ల గింజలు అసలైనవి కావడంతో రంగు చాలలేదు. వాటిని నకిలీగా నిర్ధారించి, ప్రజల ఆరోగ్యం దృష్ట్యా సముద్రంలో కలిపేశారు.