కాప్టెన్‌కు మూడు ప్రాణాలు

ఆ గురువారం పొద్దున పళ్లు తోముకోకముందే సంపత్ రెండు అబద్ధాలు ఆడాడు. మొదటిది భార్య సంతోషికి: "నాకు డ్యూటీ ఉన్నది, దావత్‌కు నువ్వొక్కదానివే పో." రెండోది బొగ్గుబాయి ఆఫీసులో మస్టరు రాసే సామ్యేల్‌కు, ఫోన్లో, మూలుగుతూ: "అన్నా, కడుపుల ఒకటే నొప్పి. ఇయ్యాల సిక్కు లీవు రాయి." రెండూ చక్కగా కుదిరాయి. సంతోషి ఎనిమిదింటికల్లా పట్టుచీర కట్టుకుని రామగిరి వైపు ఆటో ఎక్కింది. సామ్యేల్ పాపం, "జల్ది దవాఖానకు పో తమ్మీ" అని సలహా కూడా ఇచ్చాడు. ఇక మధ్యాహ్నం రెండు గంటల దాకా సంపత్‌ను అడిగేవాడు లేడు.

రెండు గంటలే ఎందుకంటే, రెండింటికి వేణుమాధవ్ వచ్చి డబ్బా పట్టుకుపోతాడు. అది వీడియో గేమ్ డబ్బా. సంపత్, వేణుమాధవ్ ఒకే బడిలో చదువుకున్న రోజుల్లో, జ్యోతినగర్‌లో ఇంజినీరుగా ఉన్న వేణు వాళ్ల నాన్న ఎక్కడో విదేశం పోయి తెచ్చాడు. అందులో వేసే సీడీ అప్పట్లో పెద్ద వింత. గీసిన బొమ్మలు కావు, అచ్చంగా మనుషులే! నటులతో సినిమాలా తీశారు. తెర మీద కథ నడుస్తుంటే సరైన క్షణంలో సరైన బటను నొక్కాలి. నొక్కితే కథ ముందుకు పోతుంది, లేకపోతే తెర మీది మనిషి చస్తాడు.

ఆ మనిషి పేరు కాప్టెన్. పచ్చ హెల్మెట్, గుబురు మీసం, తల మీద దీపం. నలుగురిని వెంటబెట్టుకుని గనిలో ఇరుక్కుపోయాడు, వాళ్లను బయటికి తేవాలి. పన్నెండేళ్ల వయసులో సంపత్ ఆయన్ను ఆఖరి సొరంగం దాకా తెచ్చాడు, అక్కడే చంపాడు. ప్రతిసారీ కప్పు కూలేది. కూలే ముందు కాప్టెన్ తెరలోంచి నేరుగా సంపత్ కళ్లలోకి చూసేవాడు. ఆ చూపు సంపత్‌ను ఇరవై ఎనిమిదేళ్లుగా వదలలేదు. సంతోషిని చూడడానికి పోయిన రోజున కూడా, టీ కప్పు పట్టుకుని కూర్చుంటే, అదే గుర్తొచ్చింది.

మొన్న ఇల్లు సర్దుతుంటే వేణుకు ఆ డబ్బా దొరికింది. పాత ఆటలు పోగుచేసే హైదరాబాద్ ఆయనకు ఇస్తానని మాటిచ్చేశాడు. "రేపు రెండింటి దాకా నీ కాడ ఉంచుకోరా. కాప్టెన్‌ను ఎల్లదీస్తవో లేదో చూద్దాం," అని నిన్న తెచ్చిచ్చాడు. అంటే ఇదే ఆఖరి అవకాశం. కాప్టెన్ బతికినా చచ్చినా ఇవాళే.

కొత్త టీవీకి ఆ మూడు రంగుల తీగలు పట్టలేదు. పక్క క్వార్టరు సదయ్య ఇంట్లో మూలన పడి ఉన్న పెద్ద డబ్బా టీవీని సంపత్ అరువు తెచ్చుకున్నాడు. సదయ్య బాయిలో కప్పు కూలకుండా కింద కర్ర దిమ్మెలు నిలబెట్టే పని ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైన మనిషి. కళ్లకు శుక్లాలు వచ్చాయి గానీ చెవులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తాయి. సంపత్ ఫోనును సైలెంటులో పెట్టి మంచం కింద పడేసి, తలుపు దగ్గరికేసి, జాయ్‌స్టిక్ చేతబట్టాడు. మొదటి గనులన్నీ దాటేసరికి పన్నెండున్నర అయింది. ఆఖరి సొరంగం వచ్చింది. మిగిలినవి మూడు ప్రాణాలు. అవీ పోతే ఆట మళ్లీ మొదటికొస్తుంది, ఇంకో మూడు గంటల పని.

సరిగ్గా అప్పుడే సదయ్యకు తన టీవీ ఎట్లా ఉందో చూసి రావాలనిపించింది. కిటికీ దగ్గర నిలబడి లోపలికి తొంగిచూశాడు. మసక మసకగా సొరంగం, హెల్మెట్లు, దీపాలు, దగ్గుతున్న మనుషులు. ఎదురుగా సంపత్, చేతిలో ఏదో యంత్రం పట్టుకుని, "కాప్టెన్, ఉరుకు! ఉరుకు!" అని అరుస్తున్నాడు. సదయ్యకు అంతా అర్థమైపోయింది. ఆయన కోడలు కంప్యూటరు ముందు కూర్చుని ఇంట్లోంచే డ్యూటీ చేస్తుంది, ఇప్పుడు బాయి వాళ్లు కూడా అదే మొదలుపెట్టారన్నమాట. తెరలో ఉన్నవాళ్లు కొత్త మెషిన్లు బిగించడానికి విదేశం నుంచి వచ్చిన తెల్లదొరలే అయి ఉంటారు. ఇంతలో కప్పు పెళపెళమని కూలింది.

"అయ్యో! సంపిన్నే! మళ్ల నా చేతులతోనే సంపిన్నే!" అని సంపత్ తల బాదుకున్నాడు.

సదయ్య వీధిలోకి ఒక్కటే పరుగు. "సారవ్వా! ఓ సారవ్వా! బాయిల కప్పు కూలిందే! ఐదుగురు పోయిన్రు! మన సంపత్ ఇంట్ల నుంచి నడిపిస్తాంటెనే కూలింది!"

నల్లా దగ్గర ఉన్న ఆయన భార్య సారవ్వ బిందె అక్కడే వదిలేసింది. ఆమెతో పాటు మరో పదిమంది ఆడవాళ్లు తలుపు తోసుకుని సంపత్ ముందుగదిలోకి వచ్చేశారు. వెనకాలే యూనియన్ నాయకుడు భూపాల్, మెడలో కండువా సర్దుకుంటూ వచ్చాడు. తెర మీద కాప్టెన్ రెండో ప్రాణంతో లేచి నడుస్తున్నాడు.

"ఇందాక సచ్చినాయినె మళ్ల నడుస్తున్నడేంది?" అన్నాడు సదయ్య కళ్లు నులుముకుంటూ.

"గాయినె గాదు కాకా," అన్నాడు భూపాల్. "గిది రెండో బ్యాచ్. మొదటోళ్లు సచ్చిన సంగతి దాచి, అదే కప్పు కిందికి ఇంకో ఐదుగుర్ని పంపిన్రు. దొరల మొఖాలు అన్నీ ఒక్కతీరుగనే కొడ్తయి, నీకేం తెలుస్తది!"

"గది ఆట అన్నా! వట్టి ఆట!" అని సంపత్ మొత్తుకున్నాడు.

"మనుషులు సస్తాంటె ఆట అంటవా? సిగ్గుండాలె!"

"సినిమా అసొంటిదే!"

"సినిమా అయితే పాటలేవి?" అని సారవ్వ నిలదీసింది. సంపత్ ఆమె వైపు తిరిగి, మళ్లీ తెర వైపు తిరిగేసరికి కాప్టెన్ ఒకసారి అతని కళ్లలోకి చూసి, రెండోసారి కూడా చచ్చిపోయాడు. ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. భూపాల్ ఫోన్ తీసి, "పదిమంది! అవును, పది!" అని ఊరందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

పదిమంది అన్న వార్త రామగిరిలో దావత్ దగ్గరికి చేరేసరికి పదిహేనైంది. ఏ బాయి అని అడిగితే సంపత్ పనిచేసే బాయి అన్నారు. మొగుడు డ్యూటీలో ఉన్నాడని నమ్మిన సంతోషి చేతిలోని ప్లేటు జారిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎట్లా ఎత్తుతాడు, అది మంచం కింద మూగగా వెలుగుతోంది. పాపం ఆ మనిషి ఆటోలో దారి పొడవునా ఏడుస్తూ బయలుదేరింది.

అక్కడ బాయి ఆఫీసులో ఫోన్లు ఆగడం లేదు. అండర్ మేనేజర్ జాన్ ప్రసాద్ కిందికి దిగినవాళ్ల హాజరు బిళ్లలన్నీ రెండుసార్లు లెక్కబెట్టించాడు. ఒక్కటీ తక్కువ కాలేదు. ఈ కబురు ఎక్కడ పుట్టిందని ఆరా తీస్తే అందరూ సంపత్ క్వార్టరు పేరే చెప్పారు. మూడో ప్రాణంతో లేచిన కాప్టెన్‌ను గోడ పక్కన నిలబెట్టేసి సంపత్ జనానికి ఇంకా నచ్చజెపుతుండగానే, ఒకటిన్నరకు జీపు వచ్చి ఆగింది, దాని వెనక కూతపెట్టుకుంటూ అంబులెన్స్.

"ఏడ కూలింది?" అన్నాడు జాన్ ప్రసాద్ గదిలోకి వస్తూనే. ముప్పై చేతులు టీవీ వైపు చూపించాయి. ఆయన తెర వంక చూశాడు, కింద డబ్బా వంక చూశాడు, సంపత్ చేతిలోని జాయ్‌స్టిక్ వంక చూశాడు. "నీకు కడుపునొప్పి గదా సంపత్?"

"ఉన్నది సార్," అని సంపత్ ఒక చేత్తో పొట్ట పట్టుకున్నాడు. రెండో చేయి మాత్రం జాయ్‌స్టిక్ వదల్లేదు.

"ముందుగాల గా స్విచ్చి ఆపు!"

"మీ కాళ్లు మొక్కుత సార్, ఆపకున్రి! ఒక్కటే ప్రాణం మిగిలింది. రెండింటికి వేణు వచ్చి తీస్కపోతడు. ఇరవై ఎనిమిదేండ్ల సంది సంపుతనే ఉన్న సార్ ఈయినెను. ఒక్కపారి, ఒక్కటంటె ఒక్కపారి ఎల్లదీస్త. తర్వాత మీ ఇష్టం, చార్జిషీటు ఇచ్చుకోన్రి!"

జాన్ ప్రసాద్ స్విచ్చి మీద వేలు పెట్టాడు. పెట్టి, ఎందుకో తెర వంక ఇంకోసారి చూశాడు. చూసి మొహం చిట్లించాడు. "గా దిమ్మెలేంది గట్ల నిలబెట్టిన్రు? ఎవడయ్యా వీళ్లకు ట్రైనింగ్ ఇచ్చింది?" వేలు స్విచ్చి మీదే ఉంది గానీ, నొక్కడం మర్చిపోయింది.

అప్పుడే వాకిట్లో ఏడుపు వినపడింది. సంతోషి జనాన్ని చీల్చుకుంటూ లోపలికి వచ్చి, నిండు ప్రాణాలతో చాప మీద కూర్చున్న మొగుణ్ణి చూసింది. ఒక్క క్షణం ఆమె మొహంలో దేవుడు కనపడ్డంత సంబరం. మరుక్షణం సంపత్ వీపు మోగింది.

"సచ్చినవన్నరు! తొవ్వ పొడుగునా ఏడ్సుకుంట వస్తి! డ్యూటీ అని చెప్పి ఇంట్ల కూసొని..." ఇంకోటి వేయబోతూ ఆగింది. తెర మీద కాప్టెన్ గోడకానుకుని ఆయాసపడుతున్నాడు. "ఎవరాయినె?"

"కాప్టెన్."

"ఏమైతాంది ఆయినెకు?"

"నేను సరిగ నొక్కకపోతె సస్తడు."

"అయితె నన్నేం సూస్తున్నవ్, అటు సూడు! ముందుగాల ఆయినెను బయటికి తియ్యి. నీ సంగతి తర్వాత చెప్త!"

సంపత్ కాప్టెన్‌ను మళ్లీ నడిపించాడు. ఆఖరి సొరంగం వచ్చేసింది. సంపత్ చాప మీద ముందుకు జరిగాడు. ఇక్కడే ఎప్పుడూ పరిగెత్తే బటను నొక్కేవాడు. కుడికి, ఎడమకు, వంగి, ఎగిరి, అన్ని రకాలుగా పరిగెత్తించి చూశాడు. ఏం చేసినా చావే. బొటనవేలు మళ్లీ అదే బటను మీదికి పోయింది.

"ఆగు!" అని సదయ్య గర్జించాడు. కళ్లు మూసుకుని, చెవి టీవీకి ఆనించాడు. "ఇన్నవా? పైన సన్నగ చిట్లుతాంది. నువ్వు బాయిల పనిచేసే మనిషివేనారా? కప్పు తట్టి సూడకుంట ఎవడన్న అడుగు ముందలికి ఏస్తడా? రాడ్ లేదా ఆడ?"

రాడ్! సంపత్ కాప్టెన్ మొహం మీంచి చూపు పక్కకు తిప్పాడు. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి. గోడకు ఆనించి, దుమ్ము కొట్టుకుని, నిక్షేపంగా ఉంది ఇనుప రాడ్. పద్దెనిమిదేళ్లుగా బాయిలో నీళ్లు తోడే పంపు నడుపుతూ, రోజూ పంపు గదిలోకి పోయే ముందు తాను కప్పు తట్టి చూస్తాడు. ఆటలో మాత్రం ఆ పన్నెండేళ్ల బుద్ధితోనే కాప్టెన్‌ను పరిగెత్తించి పరిగెత్తించి చంపాడు. ఛీ!

"గుండ్రం బటన్! వస్తువు తీసుకునేది గుండ్రందే!" అన్నాడు సంపత్.

"నొక్కురా!" అని అరిచాడు జాన్ ప్రసాద్. అండర్ మేనేజర్ గొంతు అంత పైకి లేవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

సంపత్ నొక్కాడు. కాప్టెన్ రాడ్ అందుకుని కప్పును ఒక్క పోటు పొడిచాడు. బోలుగా మోగింది. "డొల్ల!" అని గది మొత్తం ఒకేసారి అంది. కాప్టెన్ చేయెత్తి నలుగురినీ వెనక్కి నెట్టాడు. కప్పు వాళ్ల ముందు కూలింది, మీద కాదు! దుమ్ము తగ్గాక పైన ఒక సందు, సందులోంచి వెలుగు. ఒక్కొక్కరే పాక్కుంటూ ఎండలోకి వచ్చారు. అందరికంటే ఆఖర్న కాప్టెన్. ఆయన హెల్మెట్ తీసి, తెరలోంచి నేరుగా సంపత్ కళ్లలోకి చూసి, నవ్వాడు.

ఇల్లు ఎగిరిపోయిందనుకోండి! సారవ్వ టీవీకి దండం పెట్టింది. అంబులెన్స్ డ్రైవరు ఈలలు వేశాడు. జాన్ ప్రసాద్ ఎదురుగా ఎవరున్నారో చూసుకోకుండా వాటేసుకున్నాడు, చూస్తే అది భూపాల్. సంతోషి అందాకా కొట్టిన వీపునే నిమురుతోంది. గుమ్మంలో వేణుమాధవ్ బండి తాళం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎల్లిండారా?"

"ఎల్లిండురా!"

నలభై ఏళ్ల మగవాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారు.

కాసేపటికి జాన్ ప్రసాద్ చొక్కా సర్దుకుని గొంతు సవరించుకున్నాడు. "సంపత్, కడుపునొప్పి ఎట్లున్నది?"

"తగ్గింది సార్."

"సంతోషం. సిక్కు కొట్టేపిస్త. ఇయ్యాల నీకు నాగా, జీతం కట్. రేపు పొద్దుగాల గేటు కాడ మైకు పెట్టిస్త. కప్పు తట్టకపోతె ఏమైతదో, ఎన్నేండ్లు ఏమైందో, నీ నోటితోనే అందరికి చెప్పాలె. సదయ్యను కూడా తోల్కరా, దండ ఏద్దాం."

మరునాడు మొదటి షిఫ్టు వేళకు గేటు దగ్గర మైకు పెట్టారు. సంపత్ రాత్రంతా బట్టీపట్టిన నాలుగు ముక్కలు చెప్పడానికి గొంతు సవరించుకునే లోపల భూపాల్ మైకు లాక్కున్నాడు. మనోడైనా సరే, దొర అయినా సరే, కార్మికుడు కార్మికుడే అన్నాడు. మూడో బ్యాచ్ ప్రాణాలతో బయటపడడం ముమ్మాటికీ యూనియన్ పోరాట ఫలితమే అన్నాడు. మొదటి రెండు బ్యాచ్‌ల మీద విచారణ జరిగేదాకా నిద్రపోయేది లేదని శపథం కూడా చేశాడు.

అందరితో పాటు సంపత్ కూడా గట్టిగా చప్పట్లు కొట్టాడు. కొట్టకపోతే అనుమానం తన మీదికే వస్తుంది, విచారణంటూ జరిగితే ఆ పదిమందినీ చంపింది ఎవరో తేలుతుంది గదా.