ఎండు సొర సిఫార్సు

ఆ బుధవారం పొద్దున్న మల్లేశు వేసుకున్న పథకం చిన్నదే. ఆరింటికల్లా వీధి కొళాయి దగ్గర బిందె పెట్టి నిలబడాలి. గోవిందరాజు ఇంట్లోంచి బయటపడగానే బిందె అక్కడే వదిలేసి వెనకాలే వెళ్ళాలి. రెండు రోజులుగా ఆ పెద్దమనిషి తెల్లారగానే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, చేతిలో క్యారేజీతో ఎక్కడికో పోతున్నాడు. మురుగుకాలవల డిపోలో పనిచేసేవాడికి పొద్దున్నే ఉతికిన చొక్కాతో పనేమిటి?

కలకత్తా వాట్‌గంజ్‌లో ఆ గల్లీ సగానికి సగం సిక్కోలు వైపు నుంచి వచ్చినవాళ్ళదే. కొందరు రేవులో బరువులు మోస్తారు, మిగిలినవాళ్ళు నగరం మురుగు తీస్తారు. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి పదేళ్ళు దాటింది. ఊరేగింపులు పెరిగాయి, మ్యాన్‌హోళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

మల్లేశు వట్టినే బతికేసే రకం కాదు. పంతొమ్మిదో ఏట హౌరాలో రైలు దిగిన రోజే ఉద్యోగజీవితం మొత్తానికి ప్లాను గీసుకున్నాడు. రెండేళ్ళు రానివాళ్ళకి బదులు పనిచేసే బదిలీ కూలీ, ఆ తరువాత పర్మినెంటు, నలభై దాటగానే సర్దారు. మొదటి రెండూ అనుకున్నట్టే జరిగాయి. ఇప్పుడు నలభై ఒకటి నడుస్తోంది. సర్దారు అంటే గొప్ప హోదా అని కాదు. సర్దారు మ్యాన్‌హోలు అంచున నిలబడి తాడు పట్టిస్తాడు, లోపలికి దిగడు. ఇరవై రెండేళ్ళుగా దిగుతున్న మల్లేశుకి ఆ అంచు మీద నిలబడాలన్న కోరిక తప్ప మరో కోరిక లేదు. ఈమధ్య దగ్గు కూడా పట్టుకుంది. పాత సర్దారు నరసింహం నెలాఖరుకి రిటైరవుతున్నాడు. సంతకం పెట్టేది ఇంజనీరే అయినా, పేరు వెళ్ళేది యూనియన్ సెక్రటరీ మృత్యుంజయబాబు ఇంటి నుంచి. డిపోలో అందరికీ తెలిసిన సంగతే అది.

గోవిందరాజు తిన్నగా వెళ్ళి ట్రామెక్కాడు. మల్లేశు రెండో పెట్టెలో ఎక్కాడు. భవానీపూర్‌లో గోవిందరాజు దిగి, సందులోకి తిరిగి, మృత్యుంజయబాబు ఇంటి మెట్లెక్కాడు. పావుగంటలో నవ్వుకుంటూ దిగివచ్చాడు. మల్లేశు వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాడు.

"ఏటి మావా, నీలకెల్లి బిందె ఒగ్గేసి వొట్టి సేతుల్తో వచ్చినావు?" అంది భార్య అప్పాయమ్మ.

"గోవిందరాజన్న మృత్యుంజయబాబింటికి ఎల్తన్నాడే. సేతిలో కేరేజీ."

"ఎల్తే ఎల్లనీ. నువ్వూ ఎల్లి అడగరాదేటి, సర్దారు పని నాకిప్పించండని?"

"అడిగితే తెలిసిపోద్ది."

"ఏటి తెలిసిపోద్ది?"

"నాకు కావాలని."

అప్పాయమ్మ చేతిలో చీపురు ఆపింది. "తెలిస్తేనే గదా ఇత్తారు?"

"నీకు తెలీదులే. మనకేటి కావాలో ఎదటోడికి తెలిస్తే ఆడదే లాగేత్తాడు. ఆ కేరేజీలో ఏటుంటాదంటావు?"

"అన్నం. ఇంకేటుంటాది?"

అన్నమట. మల్లేశు అటువంటి అమాయకపు మాటలు నమ్మే మనిషి కాదు. అందులో ఆవపిండి పెట్టి వండిన ఇలిశ చేప ఉండి తీరాలని తేల్చుకున్నాడు. బాబుని చేపతో కొడుతున్నారు. అయితే చేపతోనే తిప్పికొట్టాలి.

దారి దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. పోయిన చలికాలం యూనియన్ పిక్నిక్‌లో మనవాళ్ళు ఓ మూల ఎండుచేపల పులుసు కాచుకున్నారు. గాలి అటు తిరిగింది. మృత్యుంజయబాబు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, తియ్యపెరుగైనా ముట్టకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు. తరతరాలుగా కలకత్తాలోనే పుట్టి పెరిగిన కుటుంబం. ఎండుచేప పేరెత్తితే ఆయన వారం రోజులు మాట్లాడడని యూనియన్ ఆఫీసులో చెప్పుకునేవారు. బెంగాలీలంతా ఇంతేనని మల్లేశు ఆ రోజే గట్టిగా మనసులో రాసుకున్నాడు.

ఇంట్లో అటక మీద బావమరిది ఊరి నుంచి తెచ్చిన ఎండు సొర ఉంది. రెండు పొరల గోనెపట్టా చుట్టినా దాని ఉనికి పక్కింటికి తెలుస్తూనే ఉంటుంది. దాన్ని గోవిందరాజు పంపినట్టుగా బాబు ఇంటికి చేర్చేస్తే, ఆ మూడు రోజుల క్యారేజీలూ గంగలో కలిసినట్టే. సర్దారు పనికి సీనియారిటీలో గోవిందరాజు తరువాతి పేరు మల్లేశుదే.

గురువారం పొద్దున్న గోవిందరాజు భవానీపూర్ వెళ్ళలేదు. పని అయిపోయిందన్న ధీమా కాబోలు అనుకున్నాడు మల్లేశు. తలకీ మూతికీ గమ్‌ఛా చుట్టుకుని, కళ్ళు మాత్రం కనబడేలా వెళ్ళి, బాబు ఇంటి తలుపు కొట్టాడు. పనిమనిషి తీసింది. మూట ఆమె చేతిలో పెట్టి, "గోవిందరాజు పంపాడు, డ్రైన్ డిపో గోవిందరాజు," అని తనకి వచ్చిన బెంగాలీలో రెండుసార్లు చెప్పాడు. ఆమెకి పేరు సరిగా తలకెక్కిందో లేదోనని మూడోసారి కూడా చెప్పి, సందు మలుపులో నిలబడ్డాడు. మూట ఎగిరివచ్చి వీధిలో పడే దృశ్యం కళ్ళారా చూడాలని కోరిక. అరగంట గడిచినా ఏమీ ఎగరలేదు. డిపోకి టైమవుతోందని వెళ్ళిపోయాడు. లోపల మాత్రం ఏదో తేడా కొట్టింది.

పదిన్నరకి డిపోలో ఫోను మోగింది. భవానీపూర్‌లో ఒక సందు మొత్తం భరించలేని కంపు. ఏదో పెద్ద మురుగుకాలవ పగిలింది, మనుషులు ఇళ్ళలో ఉండలేకపోతున్నారు. అదీ ఎవరి సందు? సాక్షాత్తూ యూనియన్ సెక్రటరీగారిది. నరసింహం పరుగెత్తుకొచ్చి గ్యాంగునంతా లారీ ఎక్కించాడు. దారిలో గోవిందరాజు తనవైపే చూస్తున్నట్టు మల్లేశుకి తోచింది. వీడికి తెలిసిపోయిందా? తెలిస్తే ఎందుకు నోరు విప్పడు? ఎందుకు విప్పడంటే, సమయం చూసి విప్పడానికి. ఆ లెక్కన మల్లేశు చూపు లారీ చెక్కల మీదికి దించుకున్నాడు.

సందులో జనం ముక్కులు మూసుకుని గుంపుగా నిలబడ్డారు. సెక్రటరీగారి వంటింటి గొట్టంలోంచి పొగ తీరిగ్గా లేస్తోంది. అంత పెద్దాయన ఇంటి వంటని అనుమానించడం ఎవరికీ తోచలేదు, తోచినవాళ్ళు పైకి అనలేదు. అందరి వేళ్ళూ మ్యాన్‌హోలు వైపే. ఒక్క వాసన పీల్చగానే మల్లేశుకి అది తన అటక మీది సరుకేనని తెలిసిపోయింది. ఎవరో దాన్ని ఎండుమిరపకాయలేసి వేయిస్తున్నారు.

"మల్లేశు, దిగరా," అన్నాడు నరసింహం.

"కాలవలో ఏటీ నేదు సర్దారూ. ఈ వాసన పైనుంచి వత్తన్నాది."

"పైన కాలవలుంటాయేటిరా? దిగు."

మల్లేశు నడుముకి తాడు కట్టుకుని దిగాడు. ఏమీ లేదని ఎక్కాడు. వాసన తగ్గలేదు గనక జనం ఒప్పుకోలేదు. రెండో మ్యాన్‌హోలులో దించారు. అక్కడా నీళ్ళు చక్కగా పారుతున్నాయి. ఎన్నడూ లేనిది ఆ రోజు కింద గాలే పైదానికంటే నయంగా ఉంది. మూడోది సరిగ్గా సెక్రటరీ ఇంటి గుమ్మం ముందుది. అందులోంచి నడుం వరకూ బురదతో తల పైకి పెట్టేసరికి మృత్యుంజయబాబు రుమాలు ముక్కుకి అదుముకుని నిలబడి ఉన్నాడు. ఎవరో పార్టీ ఆఫీసుకి కబురు పంపితే వచ్చాడట. అప్పుడే ఆయన ఇంటి తలుపు తెరుచుకుంది.

బయటికి వచ్చింది ఆయన భార్య, అందరూ బౌది, అంటే వదిన, అని పిలిచే మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరపకాయల వల్లో ఏడుపు వల్లో తెలియడం లేదు.

"మీలో గోవిందరాజు ఎవరు?" అని అడిగింది.

ఇక్కడే కొంపలంటుకుంటాయని మల్లేశు మ్యాన్‌హోలులోనే ఆగిపోయాడు. గోవిందరాజు భయం భయంగా చెయ్యెత్తాడు.

"నేను పుట్టింది చిట్టగాంగులో నాయనా," అంది బౌది. "మా వైపు ఎండుచేప లేని భోజనం భోజనమే కాదు. ఈ ఇంటికి వచ్చి ఇరవై ఆరేళ్ళు. అత్తగారికి గిట్టదు, ఈయనకి గిట్టదు. నీకేం తినాలనుంది అని ఈ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అత్తగారు నిన్ననే పూరీ యాత్రకి వెళ్ళారు. ఇవాళ నువ్వు పంపావు. నా కన్నతల్లి పంపినట్టుంది." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మృత్యుంజయబాబు మెల్లిగా రుమాలు దించి, మడతపెట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"నాను పంపనేదు బౌది," అన్నాడు గోవిందరాజు. "నాకేటీ తెలీదు."

"చూశారా," అంది బౌది మొగుడితో. "చేసి చెప్పుకునే మనిషి కూడా కాదు. నలుగురి మనసు తెలిసినవాణ్ణి వదిలేసి మీరు సర్దారుగా ఎవరెవరినో పెడతారు."

మృత్యుంజయబాబు ఇరవై ఆరేళ్ళకీ కలిపి ఒకేసారి తలూపాడు. "ఇవాళే పేరు మార్పించి పంపుతాను," అన్నాడు.

మార్పించి అన్న మాట మల్లేశు చెవిలో గుచ్చుకుంది. దేన్ని మార్పించి?

లారీ తిరిగివస్తుంటే గోవిందరాజు అతని పక్కనే కూలబడ్డాడు. మొహం పీక్కుపోయింది. "ఒరే తమ్ముడూ, ఎవుడో నా కొంప ముంచినాడ్రా."

"ఏటన్నా, సర్దారువైతే కొంప మునగడవేటి?"

"నాకెందుకురా ఆ పని? సర్దారైనోడు ప్రతి ఊరేగింపులోనూ జెండా అట్టుకుని మైదానం దాకా ముందు నడవాల. నా మోకాళ్ళు సూసినావా? మూడ్రోజులు వరసగా బాబింటికెల్లి కాళ్ళట్టుకున్నాను, నాకొద్దు బాబూ, మల్లేశుకియ్యండి, ఆడికి దగ్గు, కిందకి దిగనేకపోతన్నాడు అని. నిన్న ఒప్పుకున్నారు. నీ పేరే రాసినారు. ఇయ్యాల ఇంజనీరు కాడికి ఎల్లవలసిన కాయితం."

మల్లేశుకి తోచిన ప్రశ్న ఒక్కటే. "మరి ఆ కేరేజీలో ఏటుండీది?"

"నా మద్దేన్నం అన్నం. ఆడ్నుంచి అటే పనికొచ్చీవోణ్ణి గదా."

ఇంటికొచ్చేసరికి అప్పాయమ్మ అటక కింద నిలబడి ఉంది. సొర ఏదని అడిగింది. ఆ రోజు మల్లేశుకి అబద్ధమాడే ఓపిక లేదు. మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాడు. అప్పాయమ్మ తిట్టలేదు. తిడితే కొంచెం హాయిగా ఉండేది.

"ఎల్లి ఆ బాబుకి నిజం సెప్పు," అంది. "పంపింది నువ్వే గదా. ఆయమ్మ మెచ్చుకున్నది నీ సేపనే."

"ఆ పేరెందుకెట్టినావని అడిగితే?"

"అదీ సెప్పు. సిగ్గు కాసేపుంటాది. కాలవ రిటైరయ్యీవరకూ ఉంటాది."

మూడు రాత్రులు మల్లేశు ఆలోచించాడు. ఎంత తిప్పి చూసినా భార్య మాటలో కుట్ర కనబడలేదు. ఆదివారం పొద్దున్న గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, భవానీపూర్ వెళ్ళాడు. గోవిందరాజు అప్పటికే వసారాలో కూర్చుని, సర్దారు పని వద్దని మళ్ళీ బతిమాలుతున్నాడు. బౌది టీ తెచ్చి ఇచ్చింది. మల్లేశు నిలబడే అంతా చెప్పాడు. గోవిందరాజుని అనుమానించి వెంటపడ్డాననీ, అతని పేరు చెడగొడదామనే ఆ పేరుతో చేప ఇచ్చాననీ, ఆ చేప తనదేననీ ఒక్క మాట దాచకుండా చెప్పాడు. చెబుతుంటే కళ్ళు తడిసాయి. ఇంత తేలిక అని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాణ్ణి అనిపించింది.

మృత్యుంజయబాబు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "అంటే, చేప వల్ల గోవిందరాజుకి పని వచ్చిందని తెలిశాక, ఆ చేప నీదని గుర్తొచ్చిందన్నమాట."

"నేదు బాబూ, మొదటినుంచీ నాదే."

"గురువారం నువ్వు మూడుసార్లు మ్యాన్‌హోలులో దిగావు. వాసన ఎక్కడి నుంచి వస్తోందో నీకు తెలిస్తే అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

పైనుంచి వస్తోందని అప్పుడే సర్దారుతో అన్నానన్నాడు మల్లేశు గాని, అది ఎవరూ నమ్మేలా లేదు. పనిమనిషిని పిలిచారు. వచ్చినవాడి మొహానికి గుడ్డ ఉందనీ, గోవిందరాజు అని మాత్రం మూడుసార్లు ఒత్తి చెప్పాడనీ, వచ్చిన మనిషే గోవిందరాజు అయి ఉంటాడనీ ఆమె చెప్పింది.

"బాబూ, ఆడు నిజమే సెప్తన్నాడు," అని గోవిందరాజు చేతులు జోడించాడు. "ఆ పని ఆడికే ఇచ్చీయండి."

బౌది అతనివైపు ఆరాధనగా చూసింది. "తన మంచితనాన్ని కూడా పక్కవాడికి ఇచ్చేస్తున్నాడు," అంది. ఆ తరువాత మల్లేశువైపు తిరిగి, "ఇంకొకరు పంపిన కానుకని నాదనడానికి నీకు నోరెలా వచ్చింది?" అంది.

సోమవారం గోవిందరాజు మోకాళ్ళకి నూనె రాసుకుని సర్దారయ్యాడు. అదే రోజు సెక్రటరీగారి చీటీ డిపో ఆఫీసుకి అందింది, మల్లేశు సర్వీసు పుస్తకంలో ఒక హెచ్చరిక ఎక్కించారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో అతను పైవాళ్ళకి దాచకుండా చెప్పిన ఒకే ఒక్క నిజం ఆ విధంగా అబద్ధం కింద నమోదైంది.