అసలు ఎర్రది ఏది?

ప్రొద్దుటూరులో గంగాధరరెడ్డి ఇల్లు ఎక్కడని అడిగితే ఆటోవాళ్లు తల గోక్కుంటారు. "పిచ్చిబొమ్మల ఇల్లు" అంటే మాత్రం మారుమాట లేకుండా తీసుకుపోయి గేటు ముందు దించుతారు.

ఆ ఇంట్లో వంటగదినీ దేవుడి గదినీ వదిలేస్తే తక్కిన గోడలన్నీ మోడరన్ ఆర్టుకే. జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ, పులివెందులలో చీనీ, అంటే బత్తాయి, తోట ఉన్న మనిషి. కావాలంటే బంగారం కొని దాచుకోవచ్చు. అసలు ప్రొద్దుటూరులో ఉంటూ బంగారం కొనకుండా ఉండటమే కష్టం. కానీ పెళ్లయిన కొత్తలో పట్టుచీరల కోసం మద్రాసుకు పోయిన గంగాధర్, అతని భార్య సుధారాణి వాన పడుతోందని ఒక బొమ్మల ప్రదర్శనలో దూరారు. చీరలు మరిచిపోయి, మూడు మూలలున్న ఆవు బొమ్మతో తిరిగొచ్చారు. ఆ వాన ఆ రోజే వెలిసింది గానీ వీళ్ల పిచ్చి ఇంతవరకూ వెలవలేదు.

కొనడంతో ఆగితే సరిపోయేది. పులివెందుల తోటలో ఉన్న ఇంటిని కళాకారులకు వదిలేశారు. ఎవరైనా రావచ్చు, ఉండొచ్చు, తినొచ్చు, గీయొచ్చు. ఒకాయన వచ్చి పక్కచేలో గొర్రెలకు నీలం రంగు పూసి, ఇదే నా కళ అన్నాడు. గొర్రెల ఆసామి కర్ర తీసుకుని వస్తే కళాకారుణ్ణి కారు డిక్కీలో దాచాల్సి వచ్చింది. ఇంకొకామె తుప్పు ఇనుముతో చేసిన శిల్పాన్ని పాత సామాన్లు కొనేవాడు తూకం వేసుకుని పోయాడు. దంపతులిద్దరూ దువ్వూరు దాకా వాణ్ణి తరిమి శిల్పాన్ని వెనక్కి తెచ్చుకున్నారు.

ఇంత చేసినా గంగాధర్ నోటి వెంట ఆ బొమ్మల గురించి ఒక్క మంచిమాట వచ్చింది లేదు. మొదటి ఆవును చూసి పగలబడి నవ్వినవాడు తనే. ఇప్పుడు "నాకూ ఇష్టమే" అంటే ఆనాటి నుంచి భార్యతో గెలిచిన వాదనలన్నీ ఒక్కసారిగా ఓడిపోయినట్టే. అందుకని ఎవరడిగినా, "మా ఆవిడ కోసరం కొంటాండా. నాకేం తెల్సు?" అనేవాడు.

నిజానికి అతని ప్రాణమంతా హుమాయున్ వేసిన ఎర్ర పటంలో ఉంది.

హుమాయున్ జమ్మలమడుగులో దుకాణాల బోర్డులు రాసేవాళ్ల పిల్లవాడు. ఈ దంపతులే చదివించి, రంగులు కొనిచ్చి, తోటలో ఉంచుకున్నారు. ఇప్పుడు ఢిల్లీలో పేరున్న చిత్రకారుడు. తోటలో ఉన్న రోజుల్లో వేసిన ఆ పటంలో అంతా ఎరుపే. ఒక పక్కగా, ఎదురుగాలిలో నడిచే మనిషిలా కొంచెం వంగిన నల్ల గీత. అంతే. గంగాధర్ పొద్దున కాఫీ తాగేది దాని ఎదురుగానే. తన చెల్లి పెళ్లి కుదిరిన రోజూ, ఫ్యాక్టరీ మూతపడబోయిన రోజూ ఆ గీతనే చూస్తూ కూర్చున్నాడు.

ఒక ఉదయం సుధారాణి ఆ పటం కిందే నిలబడి చెప్పింది.

"బావా, జమ్మలమడుగులో మన పాత షెడ్డు ఖాళీగా ఉండాది గదా. బొమ్మలన్నీ ఆడ పెడదాం. మనమిద్దరమే చూసుకుంటా కుచ్చుంటే ఏం లాభం? జనాలు చూడాల."

"మంచి మాట!" అన్నాడు గంగాధర్. "గోడలకు సున్నమన్నా కొట్టించుకోవచ్చు."

"ముందుగా ఈ ఎర్రదాన్నే పంపిద్దాం. దీన్ని చూడనీకే హుమాయున్ కూడా వస్తాడంట."

కాఫీ గంగాధర్ ముక్కులోకి పోయింది.

"దేనికట్ల దగ్గుతాండావు?"

"సంతోషం పట్టలేక."

ఇవ్వనని చెప్పలేడు. చెబితే ఇష్టమని ఒప్పుకున్నట్టు. ఇవ్వనూ లేడు. కాఫీ చల్లారేలోగా ఉపాయం తట్టింది. ఎరుపు పూసి ఒక గీత గీస్తే చాలు గదా! నకలు ఒకటి తయారుచేసి జమ్మలమడుగుకు పంపి, అసలుది తోటలో దాచుకుంటే సరి. భార్య గుడికి పోయిన పూట గోడ మీది పటానికి టేపు పెట్టి కొలతలు తీసుకుని, పులివెందులలో నయీం రంగుల దుకాణానికి పోయాడు.

"ఎరుపు గావాల నయీం."

"ఏం ఎరుపు మామా? గేటుకా, ట్రాక్టరుకా, ఎద్దుల కొమ్ములకా?"

"అట్లాంటిది గాదప్పా. చూస్తే కడుపులో ఏందో కదలాల."

"దానికి మెడికల్ షాపులో అడగాల మామా!"

దొరికిన ఎరుపులన్నీ కట్టించుకుని తోటకు చేరాడు. ఆయిల్ పెయింటింగ్ అన్నారు గనుక నూనె కలపాలని, ఇంట్లో ఉన్న ఆముదం కలిపాడు. కొత్త ప్లైవుడ్ పలక మీద మొదట పూసింది గోంగూర పచ్చడిలా వచ్చింది. దాని మీద ఇంకో పూత పూస్తే గేటులా వచ్చింది. అద్దిన కొద్దీ, గీకిన కొద్దీ అతనికి హుమాయున్ మీద గౌరవం పెరిగింది. తన మీద జాలి పెరిగింది. గీత మరీ కష్టం. నిలబెడితే కరెంటు స్తంభం, వంచితే కొడవలి. చివరికి ఒక మధ్యాహ్నం విసుగెత్తి, కళ్లు మూసుకుని ఒక్క ఊపున లాగాడు. కళ్లు తెరిచి చూస్తే గీత నడుస్తోంది! గంగాధర్‌కు ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోడానికి చీనీ చెట్లే ఉన్నాయి.

ఇంటికి పోయేసరికి సుధారాణి అతని చేతులు చూసింది.

"ఏంది బావా, వేళ్లు అట్ల ఎర్రగైనాయి?"

"చీనీ చెట్లకు మందు కొట్టించినా."

"మందు ఎర్రగుంటాదా?"

"కొత్త కంపెనీది."

"ఆముదం వాసనొస్తాందే?"

"అదే... పురుగులకు విరేచనాలయ్యే మందు."

సుధారాణి పెదవి బిగించి లోపలికి పోయింది. గండం గడిచిందనుకున్నాడు గంగాధర్.

పైకి నకలు ఆరినట్టే కనబడింది. సుధారాణి పెండ్లిమర్రిలో చెల్లెలి ఇంటికి పోయిన రోజు చూసి, గోడ మీది పటాన్ని దించి నకలును తగిలించాడు. దించినదాన్ని దుప్పటిలో చుట్టి, తోటలో డ్రిప్పు పైపుల గదిలో, పైపుల వెనక దాచి తాళం వేశాడు.

సుధారాణి తిరిగొచ్చి గోడ ముందు నిలబడింది. మెడ వంచి గీతను చూసింది. గంగాధర్ పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు.

"బావా, ఈ పటం ఈ పొద్దు ఎట్లనో ఉండాది గదూ?"

"ఎ... ఎట్లుండాది?"

"శానా బాగుండాది," అని వంటింట్లోకి పోయింది.

గంగాధర్‌కు ఏమీ అర్థం కాలేదు. దొరికిపోయాడా? గెలిచాడా? భార్యను మోసగించినందుకు సిగ్గుపడాలా, మెచ్చుకున్నందుకు పొంగిపోవాలా? ఎటూ తేలక రెండూ చేశాడు.

జమ్మలమడుగు షెడ్డులో ప్రారంభోత్సవం. గోడలకు తెల్ల సున్నం, దీపాలు, కారాబూందీ పొట్లాలు. ఢిల్లీ నుంచి వచ్చిన హుమాయున్ ఎర్ర పటం ముందు ఆగాడు. కళ్లజోడు తీశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెడ్డన్నా, ఆ వయసులో నాకెంత తెగువుండేది! ఇప్పుడు ఇట్లాంటి గీత నా చేత గాదన్నా."

గంగాధర్ ఛాతీ ఉబ్బింది. నేనే వేసినానని అరవాలని ఉంది, నేల చీలితే దూరాలనీ ఉంది.

అప్పుడే వచ్చాడు చాపాడు ఊరి మహేంద్ర. ప్రతి ఎన్నికలకూ నిలబడతానని చెప్పి, నామినేషన్ల రోజు కూర్చునే నాయకుడు. మల్లెపూవులాంటి తెల్లచొక్కా. "ఫొటో తీయండప్పా" అంటూ హుమాయున్ భుజం మీద చెయ్యేసి, వెనక్కి జరిగి పటానికి ఆనుకున్నాడు.

ఎండ వేడికి షెడ్డు మగ్గిపోతోంది. ఆముదం ఇంకా ఆరలేదు.

ఫొటో అయ్యాక మహేంద్ర ముందుకు కదిలాడు. వీపంతా ఎరుపు, నడుమ నల్ల గీత. ఆ సంగతి తెలియక అతను బొమ్మలు చూస్తూ నడుస్తుంటే, జనం బొమ్మలు వదిలి అతని వెంట పడ్డారు. "ఇది బాగుంది, నడుస్తాంది గూడా!" అని ఒకరు ఫోన్‌లో తీశారు. తనకింత ఆదరణ ఉందా అని మహేంద్ర చేతులు జోడించి దండాలు పెడుతూ షెడ్డంతా తిరిగాడు.

హుమాయున్ మాత్రం పటం దగ్గరే ఉన్నాడు. వేలితో తాకాడు. వాసన చూశాడు.

"అన్నా, నేను ఆముదం ఎప్పుడూ వాడలేదే?"

సుధారాణి భర్త వైపు తిరిగింది. "చెప్పు బావా. అసల్ది యాడ పెట్టినావు?"

ఇక దాచి లాభం లేదు. "పులివెందులలో... పైపుల గదిలో. ఇయ్యబుద్ధి కాలేదు సుధా. అది లేకపోతే నాకు పొద్దున తెల్లారినట్టే ఉండదు."

నలుగురిలో ఆ మాట అనేసినందుకు అతని చెవులు పటం కంటే ఎర్రగా అయ్యాయి. సుధారాణి కారు తీయించింది.

ముగ్గురూ పులివెందుల తోటకు పోయారు. గంగాధర్ తాళం తీసి, పైపులు జరిపి, దుప్పటి విప్పాడు. హుమాయున్ పటాన్ని అటూ ఇటూ చూసి వెనక్కి తిప్పాడు.

"అన్నా, ఇదీ నాది గాదు."

"ఏందప్పా నువ్వనేది?"

"నాకప్పుడు ప్లైవుడ్ యాడుండింది? మీ ఫ్యాక్టరీలో నాపరాళ్లు సర్దే పాత చెక్కపెట్టె పలకల మీద వేసినా. ఇది కొత్త పలక."

గంగాధర్ పైపుల మీద కూలబడ్డాడు. ఇన్నాళ్లూ ముందు వైపు చూశాడే గానీ వెనక వైపు ఎన్నడూ చూడలేదు. తన నకలు జమ్మలమడుగులో ఉంది. ఇది హుమాయున్‌ది కాదు. మరి ఇదెవరిది?

"నాది," అంది సుధారాణి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ. "షెడ్డు మాట ఎత్తకముందే వేసిపెట్టినా. జనాలకు అన్నీ ఇద్దాం గానీ, అదొక్కటి ఇయ్యబుద్ధి కాలే నాకు గూడా. అసల్ది తీసి, నాది గోడకు తగిలించినా."

"అంటే నేను ఇన్ని దినాలు కాఫీ తాగింది..."

"నా బొమ్మ ముందర."

"నేను చూసి వేసింది..."

"నా బొమ్మనే. నీ ఎర్రచేతులు చూసినప్పుడే తెల్సు నాకు. నా దానికంటే నీదే బాగొచ్చిందని ఊరకుండినా."

హుమాయున్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయితే వదినా, నేను ఏడ్చింది దేన్ని చూసి?"

గంగాధర్ దుప్పటి మడతపెట్టసాగాడు.

"అసల్ది యాడుంది సుధా?" అన్నాడు గంగాధర్ నీరసంగా.

"మన పరుపు కింద. దినామూ దాని మీదనే పండుకుంటాండావు."

"నడుము నొప్పి దానివల్లనా? మాత్రలు మింగి చస్తాండా గదే!"

హుమాయున్ నవ్వాడు. ఆగకుండా, తోటలో పక్షులు లేచిపోయేటట్టు నవ్వాడు. తర్వాత, మూడింటినీ ఒకే గోడకు పక్కపక్కన పెట్టమన్నాడు. ఏది ఎవరిదో రాయవద్దన్నాడు. "నన్ను ఇట్ల దాచుకునేవాళ్లు ఢిల్లీలో దొరకరన్నా," అని దంపతులిద్దరి చేతులూ పట్టుకున్నాడు.

మహేంద్ర వీపు ఆనిన చోట సుధారాణి మళ్లీ రంగు దిద్దింది, ఈసారి ఆముదం లేకుండా. మూడింటినీ తనే తగిలించింది. ఇష్టమని అందరి ముందూ ఒప్పుకున్నందుకు, ఆదివారాలు షెడ్డులో నిలబడి జనానికి బొమ్మలు చూపించే పని గంగాధర్ మీద పడింది.

మొదటి ఆదివారమే ఒక పెద్దాయన భార్యతో వచ్చి, మూడు ఎర్ర పటాల ముందు నిలబడి, "ఏందప్పా ఇవి?" అన్నాడు.

గంగాధర్ గొంతు సవరించుకున్నాడు. మధ్యన ఉంది గనుక అసలుది అదేననుకుని, ఆ పటం ముందు నిలబడి మొదలుపెట్టాడు. ఆ ఎరుపులో ఎండ ఉందన్నాడు, ఆ గీతలో పంతం ఉందన్నాడు, పుట్టుకతో కళ ఉన్న చేతికి తప్ప అది లొంగదన్నాడు. పక్క పటాలు చూపించి, "ఇవి నేర్చుకునేవాళ్లు వేసినట్టుండాయి. పాపం, ప్రయత్నం చేసినారు" అన్నాడు. పెద్దాయన తల ఊపాడు. ఆయన భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వాళ్లు పోయాక గంగాధర్ గర్వంగా భార్య వైపు చూశాడు.

"శానా బాగా చెప్పినావు బావా," అంది సుధారాణి. "నన్ను అంత ఇదిగా నువ్వెప్పుడూ పొగడలేదు."

"నిన్నా?"

"ఆ నడుమది నాది."

గంగాధర్ ఎడమ పటం చూశాడు. కుడి పటం చూశాడు. ఒకటి హుమాయున్‌ది, ఒకటి తనది. రెండిటినీ తిట్టేశాడు.

"అయితే అసల్ది ఏది సుధా?"

"ఇన్నేండ్లు చూసినావు గదా, నువ్వే చెప్పు," అని సుధారాణి తాళంచెవులు తీసుకుని బయటికి నడిచింది. షెడ్డు మూసే వేళ దాటిపోతున్నా, గంగాధర్ కుర్చీ ఒకసారి ఎడమకూ, ఒకసారి కుడికీ జరుపుకుంటూనే ఉన్నాడు.