కొళాయి దగ్గర కాలేయం

జ్ఞాపకశక్తి గురించి నోరెత్తే అర్హత లేని మనిషి లోకంలో ఒక్కడుంటే, అది మన సైన్సు మాస్టారే. సంచి పట్టుకుని కూరలకు వెళ్లి, సంచి మాత్రం భద్రంగా తెచ్చే రకం.

అలాంటి మనిషి నెత్తిన పిడుగు పడింది. పదో తరగతి పిల్లలు జీర్ణవ్యవస్థ పాఠంలో మూకుమ్మడిగా తప్పారు. "సోమవారం నేనే వచ్చి అడుగుతాను. చెప్పలేకపోతే పదో తరగతి ఇంకొకరికిస్తాను. మీరు లాబ్ బీరువా తాళాలు చూసుకోండి," అన్నాడు హెడ్మాస్టరు. తాళాలు తన చేతికొస్తే వాటి గతేమిటో మాస్టారికి తెలుసు. పదో తరగతి లేకపోతే తన గతేమిటో మాత్రం తెలియలేదు. దొరికిన పుస్తకమల్లా తిరగేశాడు.

చివరికి ఏదో పుస్తకంలో ఒక ఉపాయం దొరికింది.

"పాఠాన్ని మన ఇంట్లో పరుస్తానోయ్," అన్నాడు భార్యతో. "వీధి గుమ్మం నోరు. నడవ అన్నవాహిక. హాలు జీర్ణాశయం. వంటింట్లో సింకు కాలేయం. పిల్లలు ఒకసారి ఇల్లంతా తిరిగితే చాలు. పరీక్షలో ఇల్లు తలుచుకుంటారు, పాఠం దానంతటదే వస్తుంది."

"పెద్దపేగు ఎక్కడండీ?"

"మన పడకగది."

"బాగుంది. మన కాపురం ఎంతవరకు వచ్చిందో ఇప్పటికి తెలిసింది."

"వెటకారం కాదు. కోపంతోనో నవ్వుతోనో చెప్పింది మనిషి జన్మలో మరిచిపోడు. అదే ఇందులో కిటుకు."

"మరి ఇన్నేళ్లుగా నేను కోపంతో చెప్పినవి మీకెందుకు గుర్తుండవు?"

మాస్టారు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే తరగతి మొత్తం గుమ్మంలో దిగింది. మాస్టారే లేడు. పిల్లల్ని రమ్మన్న సంగతి మరిచిపోయి, సెలూన్లో మెడకు గుడ్డ కట్టించుకుని కూర్చున్నాడు. సగం క్రాపు అయ్యాక గుర్తొచ్చి, ఆ సగంతోనే పరుగెత్తుకొచ్చేసరికి పిల్లలు చెప్పులు వేసుకుంటున్నారు.

"మేడం అంతా చూపించారు సార్," అన్నారు నవ్వు ఆపుకుంటూ. ఆ నవ్వు తన క్రాపు చూసేనని మాస్టారు సరిపెట్టుకున్నాడు.

సోమవారం హెడ్మాస్టరు మొదటి బెంచీ అమ్మాయిని లేపాడు. "నోరు చేసే పనేమిటి?"

"అన్నం నమిలి లోపలికి పంపుతుంది సార్. అది గుమ్మం తలుపు. దానికి గడియ పడదు. పెళ్లైన కొత్తలోనే బిగిస్తానన్నారట మన సారు."

"జీర్ణాశయం?"

వెనక బెంచీవాడు లేచాడు. "తిన్నది గంటల తరబడి అక్కడే ఉంటుంది సార్. హాల్లో సోఫా మీద మన సారులాగా."

"కాలేయం?"

"పైత్యరసం ఊరుతుంది సార్, కారిపోయే సింకు కొళాయిలాగా రాత్రీ పగలూ. బాగుచేయమని చెప్పి చెప్పి మేడం గారికే పైత్యం ఎక్కిందట."

మాస్టారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. "పెద్దపేగు వదిలేయండి సార్," అని మెల్లగా బతిమాలుకున్నాడు.

హెడ్మాస్టరు రుమాలుతో మూతి అదుముకున్నాడు. "జవాబులన్నీ ఒప్పే. తరగతి మీదే. కానీ వచ్చే ఆదివారం గుండె పాఠం కూడా మీ ఆవిడే చెప్పాలి."

ఆ మాట ఇంట్లో చెప్పడానికి మాస్టారికి సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు.

"చెబుతాను. ముందు కొళాయి, గడియ బాగవ్వాలి," అంది భార్య.

"కొళాయి బాగైతే పిల్లలు కాలేయం మరిచిపోతారే," అన్నాడు మాస్టారు. ఆయన దగ్గర మిగిలిన ఆఖరి అస్త్రం అదే.

"ఆ సంగతి నాకొదిలేయండి."

ఆదివారం పిల్లలు వచ్చేసరికి మాస్టారు సింకు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పానా ఏ వైపు తిప్పాలో మరిచిపోయి రెండో వైపు తిప్పాడు. నీళ్లన్నీ మొహం మీదే పడ్డాయి.

"దగ్గరికి రండి, మొహమాటపడకుండా నవ్వుకోండి," అంది భార్య పిల్లలతో. "గుండె తర్వాత చెబుతాను. ముందు ఈ కాలేయం చూడండి, జన్మలో మరిచిపోరు."

సింకు కింది నుంచి మాస్టారు నీరసంగా అడిగాడు. "వెనకవాళ్లకి కనిపిస్తోందా?"