పైనున్న గ్రంథం

అటక మీద పెట్టిన పన్నెండు వందల పేజీల గ్రంథాన్ని పదింటికల్లా లైబ్రరీకి అప్పగించాలనుకుంటూ బైండరు స్నానానికి వెళ్లాడు. ఆర్నెల్లుగా ఆ పుస్తకం కుట్టడమూ, ఆయన బీపీ ఎక్కడమూ జోడుగా సాగుతున్నాయి. మూడు రకాల మాత్రలు మింగినా దిగనంటోంది. ఇంట్లో ఎవరి మీదైనా అరిచి, "నేను కాదే, బీపీ మాట్లాడుతోంది" అంటాడు. దొంగతనంగా ఉప్పు తింటున్నాడని భార్య అనుమానం. ఉప్పు డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది కానీ, ఈ మనిషికేమైనా అవుతుందేమోనని లోలోపల ఆమెకు ఒకటే గుబులు.

ఫోను మోగింది. డాక్టరు. సరిగ్గా అప్పుడే పక్కింటి గోడకు డ్రిల్లు పెట్టారు.

"అమ్మా, స్కాన్ వచ్చింది. ...పైనున్న గ్రం..." ముందూ వెనకా మాటలు డ్రిల్లు మింగేసింది. "...దానివల్లే బీపీ. తీసేస్తే సరి."

ఆమె అటకకేసి చూసింది. "అనుకుంటూనే ఉన్నాను" అని గొణుక్కుంటూ గ్రంథాన్ని దింపి, చంకన పెట్టుకుని పక్కింటికి పరిగెత్తింది.

"వదినా, దీన్ని కాస్త దాచు. మా ఆయన బీపీకి ఇదే కారణమట."

పక్కింటావిడ చేతులు వెనక్కి లాక్కుంది. "నాకసలే నూటయాభై. మా ఇంట్లో వద్దమ్మా."

గుమ్మంలో పోస్టుమ్యాన్ ఎదురయ్యాడు. "ఎటైనా పట్టుకుపో అన్నా" అని అతని సంచిలో కుక్కేసింది.

బైండరు తల తుడుచుకుంటూ వచ్చేసరికి అటక ఖాళీ.

"నా పుస్తకమేదే?"

"మీ ప్రాణం కన్నా ఎక్కువా? డాక్టరుగారే తీసెయ్యమన్నారు."

ఆయన ముఖం కందగడ్డయింది. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, "నా గ్రంథం తీసెయ్యమన్నారా?" అని అడిగాడు.

"గ్రంథం కాదమ్మా, గ్రంథి" అన్నాడు డాక్టరు. "కిడ్నీ నెత్తినుంటుంది. ఒకవైపు దానిలో చిన్న గడ్డ. క్యాన్సర్ కాదు. హార్మోన్ని మోతాదు మించి వదిలి, తిన్న కాస్త ఉప్పునూ ఒంట్లోనే పట్టి ఉంచుతోంది. ఆపరేషన్ చేసి ఆ గ్రంథి తీసేస్తే బీపీ చాలావరకు దిగుతుంది."

"అయితే ఈయన ఉప్పు దొంగ కాదా?"

"దొంగ లోపలుందమ్మా."

ఆమె అక్కడే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆర్నెల్ల భయం ఒక్కసారిగా దిగిపోయింది. ఆయనా పక్కనే చతికిలబడ్డాడు.

ఇంతలో లైబ్రరీ నుంచి ఫోను. "పుస్తకం అందిందండీ. పోస్టుమ్యాన్ తెచ్చిచ్చాడు. కుట్టు బాగుంది." 'ఎటైనా' అన్న చిరునామా ఆ పోస్టుమ్యాన్ ఉద్యోగంలో లేదు. లోపలి లైబ్రరీ ముద్ర చూసి, ఎక్కడిదక్కడ చేర్చాడు.

ఆపరేషనయిన నెలకు బీపీ దిగింది, అరుపులు దిగలేదు. వాటి కోసం ఆయన ఇప్పుడు ఇంకో గ్రంథిని వెతుకుతున్నాడు.