నాలుగు మీటర్లు ఊగిన స్టాండు

ఇలా వచ్చి నా పక్కన కూర్చో. చెవి కాస్త ఇటు పెట్టు. మా ఫహ్మీ వింటే తన గొప్ప తగ్గిందని అలుగుతాడు.

వాడు నా కొడుకు కొడుకు. అలెగ్జాండ్రియాలో మా ఇంటి కిందే హాజ్ మహ్రూస్ కార్ఖానా. రొట్టెల బట్టీల పొగను బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు చేస్తారు. అక్కడ వీడు కాపలా కుర్చీలో కూర్చుంటాడు. నల్లకళ్ళజోడు కొన్న నాటి నుంచి మాత్రం, "తేతా, ఈ నగరం హాయిగా నిద్రపోతోందంటే నేను మేలుకొని ఉండబట్టే," అంటున్నాడు. తేతా అంటే నేనే, మా పిల్లలు ముసలమ్మను అలా పిలుస్తారు. వాడు మేలుకొని ఉండగా నేను చూసింది అన్నాల వేళే.

నా కూతురి కూతురు నెర్మీన్ అక్కడే ఇంజనీరు. ఏడాది కష్టపడి తేలికైన ఫ్యాను స్టాండు ఒకటి చేయించింది. ఫ్యాను తిప్పేముందు కంప్యూటర్లో ఆ స్టాండును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ వేగంలో ఎంత ఊగుతుందో లెక్క వేసింది. అన్ని వేగాలకూ బుద్ధిగా ఉన్న స్టాండు ఒక్క వేగం దగ్గర మాత్రం తెరమీద నాలుగు మీటర్లు ఊగింది.

హాజ్ మహ్రూస్ తొంగి చూశాడు. "నాలుగు మీటర్లా? నా ఫ్యాను సముద్రంలో ఈతకెళ్తుందా ఏం? సాయంత్రపు అసర్ నమాజు చేసుకొచ్చేలోపు సంగతి తేల్చు. లేదంటే స్టాండు తుక్కులోకి, నువ్వు మీ అమ్మ దగ్గరికి."

పిల్ల మొహం పాలిపోయింది. ఫహ్మీ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"కుట్ర. దీని వెనక ఓ అదృశ్య హస్తం ఉంది."

"హస్తం కాదు బావా, లెక్కలో ఏదో లోపం. అదేమిటో అందడం లేదు."

"ఈ గదిలోకి రోజూ వచ్చే బయటి మనిషెవరు?"

"తేతా. నీకే అన్నం తెస్తుంది."

అంతే, అన్నం గిన్నెతో అక్కడే ఉన్న నన్ను నిలబెట్టేశాడు.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"నీ ఎదురుగానే. నువ్వు మూడోసారి కుషరీ అన్నం వడ్డించుకుంటున్నావు."

"సాక్షి?"

"నీ పొట్ట."

"నేరస్థుడు నేరస్థలానికి తిరిగి రాక తప్పదు," అని నా వంక గుర్రుగా చూసి, నేను తెచ్చిన కుషరీ గిన్నెతో సహా ఆ స్టాండు కాళ్ళ మధ్య దూరి నక్కాడు. గిన్నె ఖాళీ అయింది. ఓ కాలిని కావలించుకుని, దానికి పొట్ట ఆనించి గురక మొదలుపెట్టాడు.

హాజ్ తిరిగొచ్చాడు. "తేలిందా? తేలలేదూ. సరే, ఎగిరితే ఎగరనీ, తిప్పి చూపించు."

నెర్మీన్ స్విచ్చి వేసి, ఆ పాడు వేగానికే తెచ్చింది. స్టాండు సన్నగా మూలిగింది, అంతే.

"ఇదేనా నీ నాలుగు మీటర్లు?" అన్నాడు హాజ్.

ఆ చప్పుడుకు ఫహ్మీ మేలుకొని, "దొరికావు ద్రోహీ," అంటూ బయటికి పాకాడు. వాడు వదిలాడో లేదో, స్టాండు గడగడలాడింది. బల్లమీద టీ గ్లాసులు నాట్యం చేశాయి.

"బావా, మళ్ళీ పట్టుకో," అంది నెర్మీన్. పట్టుకున్నాడు. సద్దుమణిగింది. "వదులు." గడగడ. "పట్టుకో."

"నన్ను బంధిస్తున్నారా?" అన్నాడు వాడు.

పిల్ల పకపకా నవ్వింది. "నీ పొట్టే ఊపును మింగేస్తోంది బావా. అలా మింగేదేదీ నేను లెక్కలో పెట్టనే లేదు. మింగేది లేకపోతే సరిగ్గా ఆ వేగం దగ్గర ఊపు పెరుగుతూనే పోతుంది. ఎంత ఊగిందన్న అంకెను నమ్మకూడదు తేతా. ఏ వేగం దగ్గర ఊగిందన్నదే నమ్మాలి."

ఈద్ పండక్కి వీధిలో వేసే ఊయల చూశావుగా? ఊపు అందుకుని సరిగ్గా తోస్తే పైపైకి పోతుంది. అయినా పిల్లలెవరూ మబ్బుల్లోకి పోరు. గాలీ, ఇరుసు తుప్పూ కొంత ఊపు మింగేస్తాయి. మా పిల్ల లెక్కలో ఊయలకు గాలీ లేదు, తుప్పూ లేదు.

అది కూడా చేర్చి మళ్ళీ లెక్క వేస్తే నాలుగు మీటర్లు కాస్తా వేలెడైంది. ఆ పాడు వేగం మాత్రం కదల్లేదు. ఫ్యాను రోజంతా తిరిగే వేగం కూడా అదే. అందుకని ఊగే వేగం పక్కకు జరిగేలా కాళ్ళకు అడ్డపట్టీలు వేయించి, ఊపు మింగడానికి కింద రబ్బరు దిండ్లు పెట్టించింది. స్టాండు బతికింది, పిల్ల కొలువూ నిలిచింది.

హాజ్ మహ్రూస్ ఫహ్మీ భుజం తట్టాడు. "శభాష్, కుట్ర ఛేదించావు." నెర్మీన్ వైపు తిరిగి, "ఇకమీద నీ లెక్కలు ముందు వీడికి చూపించు," అన్నాడు.

కాఫీ కొట్లో వాడిప్పుడు అదృశ్య హస్తం కథ చెబుతున్నాడు. అది నమ్మకు. ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పు. ముందు నెర్మీన్ పేరు చెప్పు, ఆ తర్వాత నా కుషరీ సంగతి. ఫహ్మీ పేరు మరిచిపోయినా ఫర్వాలేదు, వాడి పొట్టను మాత్రం వదలకు.