బిజిలీ కుడి కాలు

సోమవారం పొద్దున వెంకట్రాజం పెట్టుకున్న పని చాలా చిన్నది. బిజిలీ వీపు మీద జరీ గుడ్డ వేసి, మట్టెవాడలోని తమ గల్లీ చివరి దాకా నడిపించి వెనక్కి తేవడం, అంతే. పెండ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పడమే అతని బతుకుతెరువు. ముసలి గుర్రం పోయాక నర్సంపేటలో లక్ష్మీనర్సయ్య దగ్గర కొన్న ఈ చిన్న గుర్రం ముందురోజు సాయంత్రమే వచ్చింది. వచ్చే ఆదివారం పక్కింటి గట్టయ్య కొడుకు మధు పెండ్లి. బిజిలీకి అదే మొదటి బరాత్.

గోడ అవతల గట్టయ్య అప్పటికే పవర్‌లూమ్ వేసేశాడు. పెండ్లిలోపు దుప్పట్ల ఆర్డరు పూర్తి చేయాలని అతని ఆరాటం. బిజిలీ నాలుగడుగులు వేసి కుడి ముందు కాలు ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. కుంటుతోందేమోనని వెంకట్రాజం వంగి గిట్ట చూశాడు.

లాడంలో మేకు గుచ్చుకుందేమోనని గట్టయ్య గోడ మీంచి సలహా ఇచ్చాడు. లాడం తీయించారు, కుంటు పోలేదు. మళ్లీ కొట్టించారు, అప్పుడూ పోలేదు. వెంకట్రాజం భార్య చిలుకమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. బిజిలీ తుమ్మింది గాని కాలు మాత్రం దించలేదు. బుధవారం పసుపు పట్టు వేసి గుడ్డ చుట్టారు.

ఆ గుడ్డ కాలికి మధు ఫొటో తీసి, ఆదివారం ఎట్లనో ఏమో అని రాసి, చుట్టాల వాట్సప్ గ్రూపులో పెట్టాడు. ఫొటో చూడనివాళ్లు చూసినవాళ్లను అడిగారు. ఆ కబురు నర్సంపేటలో పెండ్లికూతురి ఇంటికి చేరేసరికి ఆ కాలు మధుది అయింది. పిల్ల తండ్రి పండరి ఆపిల్ పండ్లతో బస్సు దిగి, కాబోయే అల్లుణ్ని గల్లీలో రెండుసార్లు నడిపించి చూశాడు. పక్కనే కుంటుతున్న బిజిలీని చూసి పాపం అనిపించి పండ్లన్నీ దానికే పెట్టాడు. అయినా ఎందుకైనా మంచిదని మధును ఇంకోసారి నడవమన్నాడు.

గురువారం హనుమకొండ నుంచి పశువుల డాక్టరమ్మ సుహాసిని వచ్చింది. ఆమె గేటు తీయగానే కరెంటు పోయింది. గల్లీ అంతా నిశ్శబ్దం. బిజిలీ ఆరుసార్లు అటూ ఇటూ చక్కగా నడిచింది. డాక్టరమ్మ గిట్ట నొక్కింది, కీలు వంచింది. వాపు లేదు, వేడి లేదు.

"గుర్రం మంచిగనే ఉన్నది. మీరే జర నిద్రపోండి," అని వెంకట్రాజంతో మెల్లగా చెప్పి వెళ్లింది. పావుగంటకు కరెంటు వచ్చింది. బిజిలీ కాలు లేచింది.

వెంకట్రాజం అరుగు మీద కూలబడ్డాడు. "ఆదివారం గూడ కుంటితే సోమవారం వాపస్ పంపుతనే. నొస్తున్న కాలు మీద మనిషిని మోపిచ్చుడు నాతోని గాదు."

నాలుగు రోజుల్లోనే చిలుకమ్మకు ఆ గుర్రం కన్నబిడ్డలాగా అలవాటైపోయింది. ఆ పూట ఆమె రొట్టె ముట్టలేదు. బిజిలీ ముట్టింది.

ఆదివారం పెండ్లి కాబట్టి గట్టయ్య మగ్గం ఆపాడు. పొద్దుటి నుంచి బిజిలీ నడకకు వంక లేదు. వెంకట్రాజం దేవుడికి దండం పెట్టి మధును ఎక్కించాడు. అప్పుడు బ్యాండు మొదలైంది. కుడి కాలు లేచింది.

మధు వెంటనే దిగి వెంకట్రాజం వైపు తిరిగాడు. "మామా, దానికి కాలు నొస్తాంది. నేను నడుస్త."

పెండ్లికొడుకు నడుస్తున్నాడు, వెనక గుర్రం కుంటుతోంది, ఆ వెనక చిలుకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. బ్యాండులో డోలు కొట్టే మొగిలి ఇదంతా చూస్తూ చేయి ఆపాడు. బిజిలీ కాలు దించింది. కొట్టాడు, ఎత్తింది. మూడుసార్లు అట్లాగే చేసి చూశాడు.

"ఇది కుంటుడు గాదు వెంకట్రాజన్నా. దరువుకు ఆడుతాంది. మీ గట్టయ్య మగ్గం గూడ గిట్లనే కొడ్తది గద!"

వెంకట్రాజం అక్కడే లక్ష్మీనర్సయ్యకు ఫోన్ చేశాడు. ఆయన నిమ్మళంగా ఒప్పుకున్నాడు. "ఆట నేర్పుతున్నమే. ఒక్క కాలు వచ్చింది, ఇంతల నువ్వు తోలుకపోతివి. వాపస్ పంపు, తక్కిన మూడు గూడ నేర్పిస్త."

చిలుకమ్మ ఫోన్ లాక్కుంది. "మాకు ఒక్క కాలు చాలు," అని పెట్టేసి, బిజిలీ మెడ పట్టుకొని గట్టిగా ఏడ్చింది. మధు నవ్వుతూ మళ్లీ గుర్రం ఎక్కాడు. బరాత్ కదిలింది.

పండరి మాత్రం ఇప్పటికీ అల్లుడు వస్తుంటే ముందు కాళ్లు చూస్తాడు, ఆ తర్వాతే మొహం.